కింది నుంచి మూడు దెబ్బలు

ఠక్, ఠక్, ఠక్!

నేల కింద నుంచి మూడు దెబ్బలు వినపడగానే పళ్లమ్మాయి గెంతడం ఆపి, స్కిప్పింగ్ తాడు విసిరికొట్టింది. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి వాటాల్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

కాసేపటికి అమ్మ ఖాళీ ఫ్లాస్కుతో మెట్లెక్కి వచ్చింది. కింది వాటా మాస్టారి భార్య పోయినప్పటి నుంచీ ఆయనకు పొద్దుటి కాఫీ అమ్మే ఇచ్చి వస్తుంది.

"నీ కాఫీ తాగుతూనే బూజు కర్రతో పైకప్పు పొడుస్తాడేంటమ్మా ఆయన?"

"పైన గుర్రాలు దౌడు తీస్తున్నట్టుందట."

"గుర్రాలా!"

"ఏనుగులన్నాడు. నేనే కాస్త తగ్గించి చెప్పా."

"ఆహా!"

"పోనీ మానెయ్యవే. పెద్దాయనతో గొడవెందుకు? ఆ తాడు బట్టలారేసుకోడానికి పనికొస్తుంది."

"చస్తే మానను!"

ఐదు నెలలుగా నెలసరి లేదు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి పీసీఓఎస్ అని తేల్చింది. "మందులు నేను రాస్తా, చెమట నువ్వు చిందించాలి. రోజంతా కూర్చునే ఉద్యోగం నీది. మూడు నెలలు ఒళ్లు వంచి చూడు," అంది.

నడక నాలుగో రోజుకే మూలపడింది. డాన్సు క్లాసు రెండో రోజుకే. మూడో రోజుకి తాడు కూడా మేకుకెక్కేదే, సరిగ్గా అప్పుడే కింద నుంచి దెబ్బలు మొదలయ్యాయి. అంతే, పంతం పట్టింది.

ఒకరోజు వాన. దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. ఆరయింది.

ఠక్, ఠక్, ఠక్!

"నేనింకా లేవనే లేదు! పడుకున్నా తప్పేనా?" అంటూ తాడందుకుని ఏకబిగిన ఐదొందలు గెంతింది.

సాయంత్రం మెట్ల మీద మాస్టారు ఎదురయ్యారు.

"రేపు ఆరొందలు, మాస్టారూ! కాస్కోండి!"

ఆయన చల్లగా నవ్వి, చెయ్యెత్తి దీవించి వెళ్లిపోయారు.

"ఎంత వెటకారం!" పళ్లు పటపటా కొరికింది. ఈసారి సొంత పళ్లే.

మూడు నెలలు గడిచాయి.

"రెండు నెలలుగా తేదీ తప్పడం లేదే! ఎలా సాధించావు?" డాక్టరమ్మ కళ్లజోడు పైకి నెట్టి అడిగింది.

"మా కింది వాటా ఆయన మీద కోపంతోనండీ."

"అయితే ఆ కోపం తగ్గనివ్వకు!"

ఇద్దరూ కళ్లు తుడుచుకునేంత నవ్వారు.

మర్నాడు ఆరింటికి పళ్లమ్మాయి తాడు ముట్టుకోలేదు. మాస్టారు కట్టుడు పళ్లు దాచుకోడానికి కొత్త డబ్బా ఒకటి ముందురోజే ల్యాబు నుంచి తెచ్చింది. దాన్ని ఆయనకిచ్చి, క్షమించమని అడగాలని మెట్లు దిగింది.

ఠక్, ఠక్, ఠక్!

"నేనిక్కడుంటే పైన గెంతేదెవరంట!" పకపకా నవ్వుకుంటూ, ఓరగా వేసిన తలుపు తోసింది.

మాస్టారు కాఫీ ఊదుకుంటూ గళ్లనుడికట్టు నింపుతున్నారు.

"మాస్టారూ!"

తలెత్తలేదు. చెవి మిషను బల్ల మీద, పెట్టెలో భద్రంగా ఉంది.

ఠక్!

చప్పుడు పక్క గదిలోంచి వచ్చింది. పళ్లమ్మాయి తొంగిచూసింది.

బూజు కర్ర అమ్మ చేతిలో ఉంది.