నాలోంగో దగ్గరి ప్రతి

ఎంటెబ్బే పక్షుల సంఘం పత్రిక ఇప్పుడు ఫోనులోనే వస్తోంది. పాత సంచికలు కూడా ఫోనులోకి ఎక్కించే పని సంఘం పాత సభ్యుడు ములోండో నెత్తిన వేసుకున్నాడు. ఎక్కించాక కాగితం ప్రతులన్నీ తగలబెట్టాడు. చెదలన్నాడు. అందరూ నమ్మారు.

అసలు సంగతి తొంభై ఆరు జూన్ సంచిక. చిత్తడిలో, చెప్పులాంటి ముక్కుండే అరుదైన బుల్వే కొంగ గూడు మొదట చూసింది తోటి సభ్యుడు కిబిరిగే అని అందులో అచ్చయింది. ఫోను ప్రతిలో ఆ పేరు తీసేసి ములోండో తన పేరు పెట్టుకున్నాడు.

తప్పంటారా? ముందు చూసింది తనే. పడవ ముందు కొసన కూర్చుని, ఆ గూడు చూసి నోట మాట రాక బిగుసుకుపోయాడు. వెనక గడ వేస్తున్న కిబిరిగే గావుకేక పెట్టాడు. అరిచినవాడికే పేరొచ్చింది. పత్రిక వచ్చిన వారానికే జ్వరంతో పోయాడు. చచ్చినవాడితో తగువేమిటని ములోండో ఇరవై తొమ్మిదేళ్లు నోరు మూసుకున్నాడు.

పేరు మార్చిన రోజు నుంచి మాత్రం మనశ్శాంతి లేదు. ఏం చేస్తున్నా వెనకాల నీళ్లలో గడ దిగిన చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. భయంతో మనిషి సగమైపోయాడు.

మిగిలింది ఒక్క ప్రతి. అది కిబిరిగే భార్య దగ్గరుంది. కవలల తల్లి కాబట్టి ఊరంతా ఆమెను నాలోంగో అంటారు.

వెళ్లేసరికి ఆమె వాకిట్లో కుంపటి మీద వేరుశనగలు వేయిస్తోంది.

"రావయ్యా ములోండో! ఆయన పోయాక ఇన్నాళ్లకు కనబడిందా ఈ ఇంటి దారి?"

"ఆ పాత సంచిక కోసం వచ్చాను నాలోంగో. చెదలు పట్టే కాగితం మీకెందుకు? ఫోనులో ఉందిగా."

"చూశాలే. మనవరాలు చూపించింది." ఆమె నవ్వింది. "అందులో నీ పేరుంది."

ఆ నవ్వు చూసి ములోండోకి ముచ్చెమటలు పోశాయి.

ఆమె లోపలికెళ్లి గుడ్డలో చుట్టిన ప్రతి తెచ్చింది. "ఇది నీకెందుకిస్తాను? ఇన్నేళ్లకు మొన్ననే ఆయన పెట్టె తెరిచి తీశా. ఆదివారం సంఘంలో నేనే విప్పుతా. ఇందులో ఎవరి పేరుందో అందరూ కళ్లారా చూడాలి."

గడ చప్పుడు చెవి పక్కనే వినిపించింది. ఇక ఊళ్లో తలెత్తుకోలేననుకున్నాడు. ఆ మూట లాక్కుని, మూకుడు పక్కకు తోసి, కుంపట్లో కుక్కేశాడు. పాత కాగితం, భగ్గుమంది.

నాలోంగో రెండు చేతులా నెత్తి పట్టుకుంది.

"ఎంత పని చేశావయ్యా! ముందు చూసింది నువ్వేనని, పోయే ముందు రోజు ఆయన తన పేరు కొట్టేసి, నీ పేరు రాసి సంతకం పెట్టింది దాని మీదేనయ్యా!"