సంతకం ఉన్న మనిషి

"బాబ్బాబు, నన్ను షెడ్డులో పెట్టండి!"

హార్బరు గేటు దగ్గర పాసులు చూసే గుమాస్తా ఉలిక్కిపడి తలెత్తాడు.

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. షెడ్డంటే, జబ్బు ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్ళని పది రోజులు విడిగా ఉంచే రేకుల కొట్టం. దాంట్లో వెయ్యొద్దని జనం కాళ్ళావేళ్ళా పడతారు. ఈ మనిషెవరో వెయ్యమని బతిమాలుతున్నాడు.

గుమాస్తాని హార్బరంతా 'భూతద్దం' అంటుంది. కాగితం కనిపిస్తే చాలు, జేబులోంచి భూతద్దం తీస్తాడు. యుద్ధం మొదలయ్యాక మనుషుల్నీ అలాగే చూస్తున్నాడు. తన నీడ ఒక అడుగు ముందు నడిస్తే దాన్నీ పాసు అడుగుతాడని జవాన్లు చాటుగా నవ్వుకుంటారు.

"దగ్గరికొచ్చి మాట్లాడు," అన్నాడు.

"రానండీ. ఇక్కణ్ణుంచే చెప్తాను."

పది గజాల అవతల, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడా మనిషి.

భూతద్దానికి అప్పుడే చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"నీ నంబరెంత?"

"నలభై ఒకటి."

ఓడలోంచి దిగేవాళ్ళ పాసులన్నీ నిన్న సాయంత్రమే కట్టగా వచ్చేశాయి. నలభై ఒకటో పాసు తీసి చూశాడు. యుద్ధకాలం పాసు కాబట్టి పేరూ పనీ ఉండవు, నంబరొక్కటే. వంక పెట్టడానికి లేదు. 'జబ్బు లేదు' అని రాసి ఉంది. కింద ఓడ డాక్టరు సంతకం, కోడి కెలికినట్టు. ఇంత శుభ్రంగా ఉన్న పాసుని చూస్తే అతనికి మరీ అనుమానం.

"డాక్టరు సంతకం పెట్టాక నిన్ను నిమిషం ఆపినా నా ఉద్యోగం ఊడుతుంది. యుద్ధం రోజులు, సరుకు ఆగకూడదు, మనిషి ఆగకూడదు. షెడ్డు సంతకం లేనివాళ్ళకే."

"అయితే ఆ సంతకం కొట్టెయ్యండి."

ప్రభుత్వ కాగితం మీద కొట్టివేత! తనని ఇరికించడానికే ఎవరో వీణ్ణి పంపారని భూతద్దానికి తేలిపోయింది. కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"అది నిన్న పెట్టిన సంతకమండీ. నాకు జ్వరం ఇవాళ పొద్దున వచ్చింది. డాక్టరు పొరబడ్డాడు."

"డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా? ఓడలో నీ పనేంటి?"

ఆ మనిషి తన వెనక దూరంగా బారులు తీరిన కూలీలని చూశాడు. తర్వాత గోడ వంక చూశాడు. 'ఏ ఓడ, ఏం పని, ఎక్కడికి? బయట చెప్పినవాడు ద్రోహి' అన్న కాగితం అక్కడ అంటించింది భూతద్దమే.

"ఇంతమందిలో చెప్పకూడదు కదండీ." గుడ్డ బిగించుకుంటూ అడిగాడు, "మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

భూతద్దం పాసుల కట్ట దగ్గరికి లాక్కున్నాడు. పురిటికొచ్చిన కూతురుంది ఇంట్లో. పదకొండు రోజుల మనవడున్నాడు. తన ఇంటి ఆరా వీడికెందుకు?

షెడ్డు కిటికీలోంచి యుద్ధనౌకలన్నీ కనిపిస్తాయని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకేముంది! ఈల ఊదాడు.

జవాన్లు కర్రలతో వచ్చారు.

"ముట్టుకోకండి, నేనే పోతాను," అన్నాడా మనిషి.

గేటు దాటాడు. కానీ ఊళ్ళోకి పోలేదు. సముద్రంలోకి పొడుచుకుపోయిన పాత రాళ్ళకట్ట చివరిదాకా నడిచి, అక్కడ కూలబడ్డాడు. తరమడానికి వెళ్ళిన జవాన్ల మీద రాళ్ళు విసిరాడు.

'ఓడలు లెక్కపెడుతున్నాడు. దగ్గరికి వెళ్తే దాడి చేస్తున్నాడు' అని భూతద్దం పైకి రిపోర్టు రాశాడు.

ఇంటికెళ్ళి, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, గూఢచారిని పట్టిన వైనం భార్యకి చెప్పాడు.

"నిజంగా జ్వరమేమోనండీ పాపం," అంది ఆవిడ.

"నీ మొహం! నీకేం తెలుసు?"

రిపోర్టుకి కదలిక వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఈలోగా కట్ట మీద మనిషి రాళ్ళు విసరడం మానేశాడు. కదలడమూ మానేశాడు.

పోలీసులొస్తారనుకుంటే హార్బరు ఆరోగ్యశాఖ ఆఫీసరు వచ్చారు, నలుగురు మనుషులతో, కిరసనాయిలు డబ్బాలతో. కట్ట చివరికి వెళ్ళొచ్చి, చేతులు మందునీళ్ళతో కడుక్కుంటూ అడిగారు.

"ఆయన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదండీ. దగ్గరికెళ్తే రాళ్ళు విసిరాడు."

"ఆ రాళ్ళే ఊరిని కాపాడాయి. ఓడవాళ్ళని కనుక్కునే వస్తున్నాను. అందులో ఒకడు అంటురోగంతో పోయాడు. వాడి గదిలోకి ఇంకెవర్నీ రానివ్వకుండా ఈయనొక్కడే చాకిరీ చేశాడు. మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారు. ఈయన ఊళ్ళోకి వెళ్ళి ఉంటే ముందు పోయేది పసిపిల్లలే."

భూతద్దానికి ఇంట్లో మనవడు గుర్తొచ్చాడు. ఆ మనిషి అడిగిన ప్రశ్న ఇప్పుడు అర్థమై ఏడుపొచ్చింది. అయినా చేతిలో నలభై ఒకటో పాసుంది. తప్పు ఎవరి మీదైనా వెయ్యకపోతే ఊపిరాడేలా లేదు.

"నాదేం లేదండీ! జబ్బు లేదని ఆ ఓడ డాక్టరు సంతకం పెట్టాడు. ముందు ఆ డాక్టర్ని పిలిపించి అడగండి!"

ఆఫీసరు కట్ట చివర లేస్తున్న పొగ వైపు తిరిగారు.

"ఎక్కణ్ణుంచి పిలిపించనయ్యా? తన పాసు మీద తనే సంతకం పెట్టుకున్న ఆ డాక్టరే అక్కడ కాలుతున్నాడు."