ఒక పేరుకు ఒక మనిషి

"దౌలత్ అబ్దుల్ ఆల్!"

మైకులో పిలిచి, ఆసుపత్రి గుమాస్తా సఫ్వత్ కిటికీలోంచి వసారా వైపు చూశాడు.

బల్లల మీద నల్ల ముసుగుల్లో ఆడవాళ్లు. ఎదురుగా గోడవారన టీలు తాగుతూ వాళ్ల మగవాళ్లు. ఎవరిలోనూ ఉలుకూ పలుకూ లేదు.

మళ్లీ పిలిచాడు. ఎవరూ లేవలేదు.

డాక్టర్ ఇన్సాఫ్ గదిలోంచి వచ్చింది. "ఆమె రక్తపరీక్ష ఫలితం కైరో నుంచి వచ్చింది సఫ్వత్. మందు వెంటనే మొదలుపెట్టకపోతే మనిషి దక్కదు. ఎలాగైనా పట్టుకో."

"ఊరి పేరు తప్ప ఇంకేం లేదు మేడమ్. ఇవాళ ఆమె రావాల్సిన రోజే. వచ్చే ఉంటుంది."

తర్వాతి పేరు పిలిచాడు. ఈసారి ఇద్దరు లేచారు. ఒక కోడలుపిల్ల, ఆమె చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ. కబుర్లాడుకుంటూ డాక్టర్ గది గుమ్మం దాకా వెళ్లారు. పిల్ల లోపలికెళ్లింది, ముసలమ్మ వెనక్కొచ్చి కూర్చుంది.

"చూశారా సార్?" అన్నాడు కాపలాదారు జాబిర్. "ఎవర్ని పిలిచినా ఆవిడే లేస్తోంది. మన ఊరి మొహం కాదు. వరసలో చోటు అమ్ముకునే బేరం కాబోలు."

సఫ్వత్‌కు అసలే చిరాకు. విసురుగా బయటికొచ్చాడు.

"ఏం పెద్దమ్మా, అన్ని పేర్లూ నీవేనా?"

"ఇద్దరం లేస్తే పేరు ఎవరిదో మగవాళ్లకు తెలీదు కదా నాయనా! పెళ్లయిన ఆడదాని పేరు నలుగురి నోట్లో పడితే ఇంట్లో ఏమవుతుందో నీకు తెలీదా? మీ అమ్మ పేరు ఈ మైకులో పిలుస్తావా?"

ఆడవాళ్లు ముసుగుల్లోనే కిసుక్కున నవ్వారు. సఫ్వత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మరెలా పిలవమంటావు?"

"మమ్మల్నే అడుగు. ఎవర్ని ఎలా పిలవాలో వాళ్లే చెప్తారు."

"మీరు చెప్పినట్టు ఆసుపత్రి నడవాలా?"

"వచ్చేది మేమే కదా!"

"అంత తెలిసినదానివి, ఈ దౌలత్ ఎవరో చెప్పు చూద్దాం."

ముసలమ్మ తల దించుకుంది. "గట్టిగా అనకు నాయనా. ఆమెకు కొడుకులున్నారు, మనవలున్నారు. ఓ తోడు దొరకనీ, లేచొస్తుంది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఇక తోడులూ గీడులూ లేవు. ఒక పేరుకు ఒక మనిషి! జాబిర్, ఈవిడను గేటు దాటించు. మళ్లీ లోపలికి రానివ్వకు."

ఆమె ఏదో చెప్పబోయింది. మగవాళ్లంతా ఇటే చూస్తున్నారు. ముసుగు సర్దుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఎవరి పేరు పిలిచినా ఎవరూ లేవలేదు. బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి.

సఫ్వత్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దున్నే మైకు పట్టుకుని మొదట దౌలత్ పేరే పిలిచేవాడు. జాబిర్‌ను ఆమె ఊరికి పంపాడు. కాఫీ కొట్టులో అడిగితే, ఆ పేరుగల మనిషే లేదన్నారు. ఎవరి తల్లి ఎవరో అక్కడ అందరికీ తెలుసు. పేర్లే తెలియవు. ఎక్కడో ఉన్న ఆ మనిషి తన కళ్లముందే చచ్చిపోతున్నట్టు సఫ్వత్‌కు రొట్టె గొంతు దిగడం లేదు.

చివరికి డాక్టరే వచ్చి ఆడవాళ్ల మధ్య బల్ల మీద కూర్చుంది.

"ఏం చేస్తే లేచి వస్తారు? మీరే చెప్పండి."

"ఆ పెద్దమ్మ చెప్పింది కదా డాక్టరమ్మా! చెప్పినందుకే ఈ బాబు గెంటించాడు," అంది ఒకామె.

మైకు అలాగే ఉంది, పిలుపులు మారాయి. ఒకామె 'రబీ వాళ్లమ్మ' అనమంది. ఒకామె 'నీలం తలుపుల ఇల్లు' అంది. పెళ్లికాని పిల్ల ఒకతి 'మహారాణి' అని పిలవమని అందర్నీ నవ్వించింది. మగవాళ్లను, టీ కొట్టుతో సహా, గేటు బయటికి జరపాలని కూడా వాళ్లే తేల్చారు. బల్లలు మళ్లీ నిండాయి.

"ఆ పెద్దమ్మను వెతుకు," అంది డాక్టర్. "దౌలత్‌ను చూపించగలిగేది ఆవిడొక్కతే. కాళ్లు పట్టుకునైనా తీసుకురా."

సఫ్వత్ సంతంతా తిరిగాడు, పడవల రేవులో నిలబడ్డాడు. పేరు తెలియని మనిషిని ఏమని అడగాలో అతనికి తోచలేదు.

ఒక పొద్దున కళ్లు ఉబ్బిన రైతు ఒకడు ఖననం అనుమతి కోసం కిటికీ దగ్గరికొచ్చాడు.

"మా అమ్మ సార్. ఇక్కడికే వచ్చేది. సిగ్గుపడే పిల్లల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లేదట. మీరు వద్దన్నాక, మంచం పట్టేదాకా రోజూ ఈ గోడ బయట కూర్చుని మైకు వినేది. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు."

సఫ్వత్‌కు ఏడుపొచ్చింది. క్షమించమని అడగడానికి కూడా మనిషి లేదు.

"దేవుడు ఆమెను కరుణించుగాక," అన్నాడు. "పేరు చెప్పన్నా."

కొడుకు ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూసి, కిటికీలోకి వంగి, సఫ్వత్ చెవిలో మెల్లగా చెప్పాడు: "దౌలత్ అబ్దుల్ ఆల్."