వెనక్కొచ్చిన రొయ్యలు

“సింగపూరోళ్ళు తినాల్సిన రొయ్యలు మే! ఊరికే ఇస్తుంటే ముక్కు మూసుకుంటావేంది?” అంటూ రొయ్యల కంపెనీ సూపర్‌వైజర్ చంద్రమౌళి కవరును రోజారమణి చేతిలో పెట్టాడు.

విమానానికి అందక, ఐసు కరిగిపోయి, మద్రాసు నుంచి వెనక్కొచ్చిన సరుకది. కవరులోంచి కుళ్ళు కంపు కొడుతోంది. కానీ రోజూ అమ్మ ఒలిచే రొయ్యలను ఒక్కనాడూ తినని పాప, కంపెనీ గేటు దగ్గర అప్పుడే గంతులేస్తోంది.

“పిల్లకు పెట్టొచ్చా సార్?”

“కారం దట్టించి వేపితే ఏం కాదులే.”

“అయితే మీరూ ఒక కవరు పట్టుకుపోండి సార్” అని తనదే అందించబోయింది.

“ఛీ! మా ఇంట్లో పసిపిల్లలుండారు” అని చంద్రమౌళి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

రోజారమణి ఆ కవరును అతని బండి హ్యాండిలుకు తగిలించి, పాపను చంకనేసుకుని నడిచింది. రొయ్యలు కావాలని పాప ఊరంతా వినబడేలా ఏడుస్తూనే ఉంది.