పన్నెండు ఆదివారాల చేతులు

"కదపకమ్మా. ఎడమ బొటనవేలు కాస్త ఇటు."

సుభద్ర కదపలేదు. పీట మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫోటో దిగుతున్నంత బిగువుగా ఉంది. ఆ చేతుల్ని ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు మరి.

కూతురు హిమజకి డిజైన్ కాలేజీలో సీటు కావాలి. రాత పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది పోర్ట్‌ఫోలియో. సొంతంగా గీసిన బొమ్మల కట్ట చూసి సీటు ఇస్తారు. మొదట ఆమె పట్టుకెళ్లిన బొమ్మల్ని చూసి టెక్కలి డ్రాయింగు మాస్టారు సీతారాం మొహం చిట్లించాడు. కొబ్బరిచెట్లు, పడవలు, సూర్యోదయం.

"ఉద్దానం పిల్లలందరూ ఇవే తెస్తారు. మీ ఇంట్లో ఉన్నదేదో గియ్యి. ఒకటే వస్తువు, వారానికొకటి చొప్పున పన్నెండు బొమ్మలు. నీ కన్ను ఎంత పట్టుకుందో వాళ్లకు తెలియాలి."

ఇంట్లో ఏముంది? అమ్మ చేతులున్నాయి.

సుభద్ర పలాసలో ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పదిహేనేళ్లుగా కటింగు షెడ్డులో జీడిపిక్కలు కోస్తోంది. తొక్కలోంచి చిమ్మే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆగదు. వేళ్లన్నీ నల్లబడి, పొరలు రేగి ఉంటాయి. పెళ్లిళ్లకు వెళ్తే ఆమె చేతులు కొంగు కింద దాచుకుంటుంది. అలాంటిది కూతురు అడగ్గానే చాపింది. పైగా వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పింది.

"మా గుంట నా సేతులు గీత్తంది. మొహం కాదేటి అనడిగితే, మొహం అందరికీ ఉంటాదంది!"

నాలుగు బొమ్మలు చూసేసరికి మాస్టారు ఫోన్లో దాదాపు అరిచాడు. "ఇదీ! ఈ నలుపే నీ బలం. వదలకు."

ఐదో ఆదివారం సుభద్ర మెల్లిగా అంది.

"సర్మం డాక్టరు కటింగు మానీమన్నాడే. లేకపోతే పుండ్లు పడిపోతాయంట. మేనేజరుగారికి సూపించమని సీటీ రాసిచ్చినాడు. మేనేజరుగారేమో గ్రేడింగుకి మారమంటన్నారు. అక్కడ పప్పు ఏరడమే, సేతులకేటీ అంటదు. నువ్వేటంటావు?"

హిమజ పెన్సిల్ ఆగింది. మారిపో అమ్మా, రేపే మారిపో, అనాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇప్పుడు సేతులు తెల్లబడిపోతే గీసినవన్నీ వేస్టే కదమ్మా," అంది.

సుభద్ర ఓ క్షణం చూసి నవ్వేసింది. "సర్లే. నీ బొమ్మల కంటేనా?"

ఆ పూట హిమజకి అన్నం సయించలేదు. అమ్మకి పుండ్లు పడితే పడనీ, నా బొమ్మ బాగుండాలి అన్నట్టే కదా. ఆ మాటని ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా ఇంకో అర్థం రాలేదు. సిగ్గుపడింది. తల్లిని పిలిచి ఆ మాట వెనక్కి తీసుకోవాలనుకుంది. తీసుకోలేదు.

ఆరో ఆదివారం చేతులు కాస్త తేటగా కనిపించాయి.

"ఏటమ్మా, నలుపు తగ్గినట్టుంది?"

"ఈ వారం పిక్కలు సరిగ్గా రాలేదులే. వచ్చే వారం సూడు."

ఏడో ఆదివారానికి నలుపు తిరిగొచ్చింది. ఇదివరకు వేళ్లకే ఉండేది. ఇప్పుడు చేతి వెనక్కి పాకి మణికట్టు అందుకుంది. సుభద్ర రోజూ ఇంటికి అరగంట ఆలస్యంగా వస్తోంది. పని ఎక్కువైంది కాబోలు అనుకుంది హిమజ. మణికట్టు దగ్గర ఛాయ ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయింది. మురిసిపోయినందుకు తనని తానే తిట్టుకుంది.

పదో వారానికి సుభద్ర చెంచాతో అన్నం తింటోంది. పులుసు తగిలితే మండుతోందట. హిమజ అదీ చూసింది. ఇంక చాలమ్మా, మానేద్దాం అని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ "కాస్త వెలుగులోకి జరగమ్మా" అనే మాటే వచ్చింది.

పన్నెండో ఆదివారం ఆఖరి బొమ్మ పూర్తయింది. సోమవారం పొద్దున్న మాస్టారు కట్టంతా చూసి, "సీటు నీదే అనుకో," అన్నాడు. మధ్యాహ్నానికి బొమ్మలన్నీ నెట్‌లో కాలేజీకి వెళ్లిపోయాయి.

హిమజకి సంతోషం రాలేదు. ఇంట్లో నిలవలేక ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి బయల్దేరింది. మేనేజరుగారి కాళ్లు పట్టుకునైనా సరే, అమ్మని ఈ రోజే కటింగు నుంచి మార్పించాలి. ఆ తర్వాత అమ్మ కాళ్లు పట్టుకోవాలి. దారి పొడుగునా అదే ఆలోచన.

కటింగు షెడ్డులో అమ్మ కూర్చునే చోట ఇంకెవరో ఆడమనిషి పిక్కలు కోస్తోంది. షెడ్డు మేస్త్రి నూకమ్మ కనిపిస్తే హిమజ పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, అమ్మేది? ఏటైనా అయిందా? అమ్మని గ్రేడింగుకి మార్చమని మేనేజరుగారిని బతిమాలుదామని వచ్చినాను. ఇన్నాళ్లూ నా వల్లే ఇక్కడ ఉండిపోయింది పిన్నీ. నేనే ఉండమన్నాను."

నూకమ్మ ఆమెను వింతగా చూసింది.

"ఏటే గుంటా, డాక్టరు సీటీ సూసి మేనేజరుగారు మీ అమ్మని గ్రేడింగుకి మార్సీసి నెలన్నర దాటిపోనాది కదా, కాకపోతే రోజూ పని దిగినాక ఇటొచ్చి, నీ బొమ్మలకి కావాలని, గుప్పెడు తొక్కలు నలిపి ఆ నూనె సేతులకి రాసుకుని ఎల్తాది."