మణికట్టు సాక్ష్యం

“ఒళ్ళు వదులుగా ఉంచు. చెయ్యి బిగించకు,” అన్నాడు వాచీల మెకానిక్.

ముందుగదిలో కుర్చీలన్నీ గోడకి జరిపి, మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె మణికట్టు అతని మణికట్టుకి ఆని ఉంది. రెండు చేతులూ తిరగలి తిప్పినట్టు మెల్లగా, గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇద్దరూ సాయంత్రాలు వెళ్ళే తాయ్ చీ అనే చైనా కసరత్తు క్లాసులో దీన్ని పుష్ హ్యాండ్స్ అంటారు. ఎదుటివాడు తోస్తే ఎదురు తొయ్యకూడదు, లొంగాలి. లొంగుతూనే వాడి బలం ఎటు పోతోందో చేత్తో పసిగట్టాలి. “చెవులతో కాదు, చర్మంతో వినండి. నోరు అబద్ధమాడుతుంది, చెయ్యి ఆడలేదు,” అని మాస్టారు మొదటిరోజే చెప్పాడు. క్లాసులో మిగతావాళ్ళు తలలూపి ఊరుకున్నారు. వెంట్రుకంత స్ప్రింగు వణికినా వేలికొసతో కనిపెట్టే మెకానిక్ మాత్రం ఆ మాటని ఇంటికి మోసుకొచ్చాడు.

“మీ స్కూలు హెడ్మాస్టరు,” అన్నాడు.

“అయ్యో, ఆయనకి మోకాళ్ళ నొప్పులండీ, కుర్చీలోంచి లేవడమే...”

“మాట్లాడకు. నిన్ను కాదు, నీ చేతిని అడుగుతున్నాను.”

మణికట్టు వెన్నలా జారిపోయింది. తన అనుమానాల జాబితాలోంచి హెడ్మాస్టరు పేరు కొట్టేశాడు.

“బస్సు డ్రైవరు... ఎదురింటి వకీలు... తాయ్ చీ మాస్టారు... మందుల షాపువాడు...”

చెయ్యి దూదిలా తిరుగుతూనే ఉంది. ఇక మిగిలింది ఇంట్లోవాడొక్కడే. ఆ ఒక్క పేరూ ఎందుకు వదలాలని అన్నాడంతే.

“మా తమ్ముడు.”

మణికట్టు కొయ్యయిపోయింది. రెప్పపాటే. వెంటనే మెత్తబడింది. కానీ అతని వేళ్ళకి రెప్పపాటు చాలు.

“మళ్ళీ. మా తమ్ముడు.”

మళ్ళీ కొయ్య.

“ఏంటండీ ఈ పాడు ఆట! నన్ను వదలండి!” చెయ్యి విదిలించుకుని ఆమె లోపలికి పరిగెత్తింది. తలుపు వెనక వెక్కిళ్ళు వినపడ్డాయి.

తమ్ముడు కింద షాపులో ఉన్నాడు. కంటికి అద్దం పెట్టుకుని ఏదో వాచీ మీదికి వంగి ఉన్నవాడు, అన్న పిలిచిన పిలుపుకి పనిముట్ల పెట్టె చేత్తో పట్టుకుని అలాగే మెట్లెక్కి వచ్చాడు.

“అన్నయ్యా, నేనే వద్దామనుకుంటున్నా. రెండ్రోజుల్నించీ నీకో మాట...”

“చెయ్యి పెట్టు.”

“ఏంటి?”

“పెట్టమన్నానా!”

వాడికి ఆ విద్య తెలీదు. నాడి చూపించుకునేవాడిలా చెయ్యి చాపాడు. అన్న దాన్ని పట్టుకుని ఒక్క చుట్టు తిప్పాడు.

“మీ వదినతో నీకేంటి?”

ఆ మాటకి ఎవడైనా కొయ్యబారిపోతాడు. వాడూ బారిపోయాడు.

“చాలు,” అన్నాడు మెకానిక్.

“చాలేంటి? పిచ్చెక్కిందా నీకు? వదిన నాకు అమ్మలాంటిది. అసలు నేను చెప్పాలనుకున్నది వదిన గురించే, నువ్వు ఒక్క నిమిషం...”

చెంప ఛెళ్ళుమంది.

అన్న లాక్కుని విసిరిన పనిముట్ల పెట్టె ముందు మెట్ల మీంచి వెళ్ళింది. పట్టకార్లూ, స్క్రూడ్రైవర్లూ మెట్టుమెట్టుకీ మోగుతూ వీధిలోకి దొర్లిపోయాయి. కంటి అద్దం చివరిమెట్టు మీద ఆగింది. తమ్ముడు కిందికి దిగి, దానికోసం వంగి చెయ్యి చాపాడు. వెనకాలే దిగిన అన్న ఆ చేతిని చెప్పుకాలితో తొక్కి నిలబడ్డాడు. ఏదో పటుక్కుమంది. అద్దమో, వేలో, అతను చూడలేదు.

“ఇంక నేనేం చెప్పినా నమ్మవు కదా?” అన్నాడు తమ్ముడు, చెయ్యి చంకలో అదుముకుని.

“నీ చెయ్యి చెప్పేశాక నోటితో పనేంటి?”

పైనుంచి ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని, “పోనివ్వండి, చిన్నవాడు. తెలిసీ తెలియని వయసు,” అంది కళ్ళు తుడుచుకుంటూ. తమ్ముడు తలెత్తి వదినని చాలాసేపు చూశాడు. పనిముట్లు ఎక్కడివక్కడే వదిలేసి వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మెకానిక్ పెళ్ళాన్ని వెంటబెట్టుకుని క్లాసుకి అందరికన్నా ముందొచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మీ విద్య నా కొంప నిలబెట్టింది మాస్టారూ. పక్కలో పాముని పెట్టుకుని ఇన్నాళ్ళూ అన్నం పెట్టాను.”

“విద్యదేముందండీ, వినేవాడిలో ఉంటుంది,” అన్నాడు మాస్టారు. “మీరు బాగా అలిసిపోయారు. అలా కూర్చోండి. ఇవాళ మీ ఆవిడతో నేను చేస్తాను.”

“మాస్టారుగారికి శ్రమేమోనండీ,” అంది ఆమె తలొంచుకుని.

“వెళ్ళు, పెద్దాయన నేర్పుతానంటే కాదంటావేంటి?” అని మెకానిక్ గోడ వార బల్ల మీద చతికిలబడ్డాడు.

హాలంతా జంటలు జంటలుగా తిరుగుతున్నారు. వట్టి పాదాలు నేల మీద రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మాస్టారూ ఆమే మణికట్లు ఆనించుకుని, అడుగులో అడుగు వేస్తూ ఆ చివరి మూలదాకా వెళ్ళారు. ఎంత మెత్తగా తిరుగుతున్నాయో ఆమె చేతులు! కాల్లో ముల్లు తీసేస్తే మనిషికి ఎంత సుఖం, అనుకున్నాడు మెకానిక్. తనకెందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. అనవసరంగా ఆడదాన్ని ఇన్నాళ్ళు ఏడిపించానని మొదటిసారి అనిపించింది.

ఆ మూల మాస్టారు పెదవులు కదిపీ కదపకుండా అడిగాడు. “నా పేరు వచ్చినప్పుడు?”

“ఊపిరి వదిలేశాను,” అంది ఆమె. “మరిది పేరు దగ్గర మాత్రం, నువ్వు నేర్పినట్టే, బిగించాను.”