కాలు విరిగిన కుర్చీ

వెల్డర్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

పెళ్ళయిన నాటి నుంచి ఇస్త్రీపెట్టె ఏ గూట్లో ఉంటుందో కూడా తెలియని మనిషి. ఇప్పుడు కాలరు మీద నీళ్ళు చిలకరించి మరీ రుద్దుతున్నాడు. పైగా కూనిరాగం.

కుట్టుమిషను పక్కన కూర్చుని బొత్తాలు కుడుతున్న భార్యకు ఒళ్ళు మండింది. వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ఊరందరి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. మొగుడి తిక్క కొలతే ఎప్పుడూ దొరకలేదు.

"ఏ పెళ్ళికండీ?"

"గురువారం కదే. మీటింగు."

"మీటింగులో ఆ అక్క కూడా ఉంటుందిగా?"

"అక్క లేకపోతే మీటింగేముంది?" అన్నాడు అమాయకంగా.

సూది వేలికి గుచ్చుకుంది. అక్కట, అక్క!

అతను తాగుడు మానేశాడు. సంతోషించాల్సిన సంగతే. మొదట్లో సంతోషించింది కూడా. ఎలా మానేశాడో తెలిశాకే ఆమెకు నిద్ర పట్టడం మానేసింది.

ఈ మనిషి చేత మాన్పించడానికి ఆమె చేయని పని లేదు. బతిమాలింది. తిట్టింది. అన్నం మానేసింది. అలిగి పుట్టింటికి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చింది. మందుల షాపు గోడ మీద తాగుడు మాన్పిస్తామని ఏదో నంబరు కనిపిస్తే దానికి ఫోన్ చేసి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర కూడా ఏడ్చింది. పిల్లల మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, అతను ఆ సాయంత్రమే తూలుకుంటూ వచ్చాడు.

అలాంటివాడు ఎవరో అక్క చెప్పగానే బుద్ధిమంతుడైపోయాడు. అదీ ఆమె కడుపుమంట.

"అసలెవరండీ ఆవిడ?"

"చెప్పాగా. కుర్చీ కాలు విరిగిందని షాపుకి తెచ్చింది. అతికించి మీటింగు హాల్లో దింపమంది. దింపాను. బరువు ఆపుతుందో లేదో మీరే కూర్చుని చూడండి అంది. కూర్చున్నాను. చుట్టూ అందరూ నాలాగా తాగి తాగి మానేసినవాళ్ళే. నా కథే వాళ్ళు చెబుతుంటే లేవబుద్ధి కాలేదు."

"ఇన్నేళ్ళూ నేను ఇంటిపట్టున కూర్చోండి అంటే ఒక్కనాడైనా కూర్చున్నారా?"

"నువ్వు వేరు, ఆవిడ వేరు."

అతను ఏ దురుద్దేశంతోనూ అనలేదు. టైలరమ్మ మాత్రం అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చెప్పులు వేసుకుని వెనకే బయల్దేరింది.

సైకిళ్ళ షాపు మేడ మీద పొడుగాటి గది. గోడ వారగా ఇనప కుర్చీలు. జుట్టు సగం నెరిసిన ఒకావిడ కెటిల్‌తో గ్లాసుల్లో టీ పోస్తోంది. వెల్డర్ గ్లాసే ముందు నింపింది. అతనేదో అన్నాడు. ఆవిడ నవ్వింది.

అందగత్తె అయినా కొంత నయంగా ఉండేది. ఈ నెరిసిన జుట్టు మనిషిలో తనకు లేనిదేముందో అర్థం కాక టైలరమ్మ భగ్గుమంది.

"ఏమమ్మా, ఊళ్ళో మొగాళ్ళందరికీ నువ్వే దిక్కా? నా మొగుణ్ణి నాకు కాకుండా చేయడానికి ఎవరు నువ్వు? ఏళ్ళ తరబడి నేను ఏడ్చిన ఏడుపు నీకేం తెలుసు?"

టీ తాగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఆవిడ ఏదో అనబోయింది. అంతలోనే ఆగి, టైలరమ్మ మొహంలోకి పరీక్షగా చూసింది. పెదవులు బిగించుకుంది.

"చూశారా? తప్పు చేసినవాళ్ళకి నోరెలా పెగులుతుంది!" అంది టైలరమ్మ.

"ఇక చాలు, ఇంటికి పదవే" అన్నాడు వెల్డర్, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆవిడ కెటిల్ కింద పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

టైలరమ్మకు గెలిచినట్టే అనిపించింది, మరుసటి గురువారం దాకా.

ఆ రోజు వెల్డర్ ఇస్త్రీపెట్టె తీయలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీటింగుకి వెళ్ళరా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. తొడుక్కోలేదు. కాసేపటికి లేచి, నలిగిన చొక్కాతోనే గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నిలబడటం ఆమెకు బాగా తెలుసు. తాగే రోజుల్లో బయటికి పోయే ముందు అలాగే నిలబడేవాడు.

పెరట్లోకి పరిగెత్తి, గోడ మీద చూసిన ఆ పాత నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో మగవాడు ఎత్తాడు.

"అప్పుడు నాతో మాట్లాడినావిడ కావాలండీ. 'ఏడవకమ్మా, ఆయన ఎక్కడ పని చేస్తారో చెప్పు చాలు' అన్నారే, ఆవిడ."

"అక్కా? అక్క ఇక్కడ మానేశారమ్మా. వేరే ఊళ్ళో మీటింగు మొదలుపెడతానని వెళ్ళిపోయారు."

"అదేంటండీ?"

"పోయిన వారం ఎవరో ఒకావిడ వచ్చి అందరి ముందూ నానా మాటలూ అంది. నేనుంటే ఆ కాపురానికి మంచిది కాదన్నారు అక్క. ఆ ఇంటాయన కోసమేనమ్మా, బంగారం లాంటి కుర్చీకి సుత్తితో కాలు విరగ్గొట్టి షాపుకి మోసుకెళ్ళారు! ఇవాళ ఆయన రాకపోతే రేపు నన్ను ఇంకోటి విరగ్గొట్టి తీసుకెళ్ళమని చెప్పి మరీ వెళ్ళారు."

టైలరమ్మ పెరటి తలుపు దగ్గరగా వేసింది.

"అన్ని మాటలంటే... తిరిగి ఒక్క మాటైనా అనలేదేమండీ?"

"మేమూ అదే అడిగామమ్మా. 'నోరు విప్పితే నా గొంతు గుర్తుపడుతుంది. ఫోన్ చేసిన సంగతి మొగుడికి తెలియనివ్వొద్దని ఆ రోజు ఏడుస్తూ నా దగ్గర మాట తీసుకుంది, ఆయనేమో పక్కనే ఉన్నాడు' అన్నారు."